బస్సు రాకను ఫోను ఎట్లా చెప్పగలుగుతుంది?

ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఎంతగా వ్యాపించి ఉన్నదో శ్రీకాకుళం జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ రోగుల కొరకే పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, దానితోపాటు 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. వ్యాధి ముదిరినవారికి సాధారణంగా వారానికి రెండు మూడు పర్యాయాలు డయాలిసిస్ అనే రక్తశుద్ధి జరగాలి. ఒక్కొక్క పర్యాయానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. ఒక రోగి లేచిన తరువాత అదే యంత్రం మరొక రోగికి కావాలి గనుక వేళ తప్పితే వంతు తప్పుతుంది. వంతు ఆలస్యమైతే తిరుగు ప్రయాణానికి బస్సు దొరకదు. అందుచేత తీరగ్రామంలో ఉన్న రోగి "పలాసకు బస్సు ఎప్పుడు?" అని అడిగితే అది ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. జీడిపప్పు కర్మాగారానికి పోవలసిన కూలీకి, టెక్కలిలో చదువుకొనే విద్యార్థికి కూడా రోజూ ఈ ప్రశ్న తప్పదు.

పూర్వం ఈ ప్రశ్నకు సమాధానం కొందరు మనుషుల దగ్గర ఉండేది. డిపోలో వ్రాసి ఉంచిన బోర్డు ఒకటి. రోడ్డు మలుపున కిళ్ళీకొట్టు పెట్టుకొన్న వ్యక్తి మరొకటి. ఈ రెండింటిలో రెండవదే ఎక్కువ నమ్మదగినదని చాలామంది ప్రయాణికుల అభిప్రాయం. "ఆరున్నర బండి ఇంకా రాలేదు, ఈవేళ రాదేమో" అని బోర్డు చెప్పలేదు, కొట్టతను చెప్పగలడు. ఈనాడు ఆ రెండు పనులూ చేతిలోని ఫోనుకు అప్పగించారు. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు లైవ్ ట్రాక్ అనే యాప్ ఉన్నది. తెలంగాణ సంస్థవారు 2023 ఆగస్టులో "గమ్యం" అనే పేరుతో ఒక యాప్‌ను విడుదల చేశారు. రైళ్ళ కొరకు ప్రత్యేకమైనవి ఉన్నవి. బస్సును, రైలును, నడకను కలిపి దారి చెప్పే గూగుల్ మ్యాప్స్ వంటివి కూడా ఉన్నవి.

అయితే ఫోనుకు తనంతట తానుగా ఏమీ తెలియదు. బోర్డుమీది వ్రాత వంటిది ఒకటి దానికి అందాలి. కొట్టతని కన్ను వంటిది మరొకటి అందాలి. మొదటిది పట్టిక. రెండవది వాహనం ఉన్నచోటును క్షణక్షణం తెలిపే వార్త. ఈ రెండూ వేరు వేరు సంగతులు. వీటిని కలగలిపి ఆలోచించటంవలననే యాప్‌లను గురించి అతిగా ఆశపడటం, తరువాత విసుగుకొనటం జరుగుతుంటుంది.

పట్టికలో ఏముంటుంది?

2005 డిసెంబరులో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరపు రవాణా సంస్థ తన బస్సుల వేళలను గూగుల్ సంస్థకు అందజేసింది. అంతకు పూర్వం ఒక్కొక్క సంస్థ తన వేళలను తనకు తోచిన రీతిలో వ్రాసుకొనేది. ఒకరి పట్టికను మరొకరి కంప్యూటరు చదవలేకపోయేది. పోర్ట్‌లండ్ ప్రయత్నం నుండి, ప్రపంచంలో ఎవరైనా వ్రాయగల, ఏ కంప్యూటరైనా చదవగల ఒక ఉమ్మడి పద్ధతి పుట్టింది. దానిని జీ.టీ.ఎఫ్.ఎస్. అని అంటారు. పేరు పెద్దదిగాని విషయం చాలా సులభం. మామూలు అక్షరాలతో వ్రాసిన కొన్ని పట్టికలే అది. ఒక పట్టికలో స్టాపుల పేర్లు, వాటి అక్షాంశ రేఖాంశాలు ఉంటవి. ఒక దానిలో రూట్లు, మరొక దానిలో ఆ రూట్లపై నడిచే ఒక్కొక్క ట్రిప్పు ఉంటవి. ఇంకొక దానిలో ఏ ట్రిప్పు ఏ స్టాపుకు ఎన్ని గంటలకు చేరుతుందో, ఎన్ని గంటలకు బయలుదేరుతుందో ఉంటుంది. ఏయే రోజులలో ఏ ట్రిప్పు నడుస్తుందో తెలిపే క్యాలెండరు ఒకటి ఉంటుంది. తరగతిలో విద్యార్థులు ఎక్సర్సైజు పుస్తకంలో గళ్ళు గీసుకొని వ్రాయదగినంత తేలికైనది ఈ పద్ధతి.

ఇందులో ఒక చమత్కారం ఉన్నది. రాత్రి 11 గంటలకు బయలుదేరిన బస్సు మరునాడు తెల్లవారుజామున 1-30కి గమ్యం చేరిందనుకోండి. ఆ వేళను పట్టికలో 25-30 అని వ్రాస్తారు. రోజుకు 24 గంటలే గదా అని సందేహించవచ్చును. 1-30 అని వ్రాస్తే బయలుదేరక ముందే చేరినట్లు అవుతుంది! బస్సు దృష్టిలో దినం అంటే బయలుదేరిన దినమే.

వేళలు వ్రాయటంకంటె పేర్లు వ్రాయటమే కష్టం. పలాస, కాశీబుగ్గ జంట ఊళ్ళు. ఒకే పురపాలక సంఘం. రైల్వేవారికి అది పలాస. బస్సు దిగేవారు అనేకులు కాశీబుగ్గ అంటారు. ఈ రెండు పేర్ల నడుమ సంబంధం ఉన్నదని కంప్యూటరుకు ఎవరో ఒకరు చెప్పాలి. లేకపోతే అవి దానికి కాశీ, రామేశ్వరాలంత దూరం. మూలపేటను ఇంగ్లీషు లిపిలో రెండు మూడు విధాలుగా వ్రాస్తున్నారు. నౌపడ సంగతీ అంతే. తెలుగులో వెతికినప్పుడు దొరకని ఊరు ఇంగ్లీషులో వెతికితే దొరకటం, ఒక వర్ణక్రమంలో దొరకనిది మరొక వర్ణక్రమంలో దొరకటం అందరికీ అనుభవమే. పేరు ఎట్లా వ్రాసినా అక్షాంశ రేఖాంశాలు మారవు. కనుకనే పట్టికలో స్టాపునకు పేరుతోపాటు వాటిని కూడా తప్పనిసరిగా వ్రాయమంటారు.

అవి కూడా శాశ్వతం కావు. మూలపేటలో ఓడరేవు నిర్మాణానికి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఆ నిర్మాణంవలన స్థలం కోల్పోయే మూలపేట, విష్ణుచక్రం గ్రామాలవారికి నౌపడ ప్రాంతంలో పునరావాసం ఏర్పాటు తలపెట్టారు. జనం ఇళ్ళు మారినప్పుడు బస్సు ఆగవలసిన చోటు కూడా మారుతుంది. ఎవరో పనిగట్టుకొని పట్టికను దిద్దకపోతే, ఫోను మాత్రం పాత చోటనే నిలుచుండమని చెబుతూ ఉంటుంది.

దారి వెతికే గణితం

పట్టిక చేతికి వచ్చిన తరువాత దారి వెతకటం గణితశాస్త్రం పని. రోడ్లమీద దగ్గరి దారి కనుగొనే సుప్రసిద్ధమైన పద్ధతిని డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1956లో కనిపెట్టాడు. ఆమ్‌స్టర్‌డాంలో ఒక కాఫీ దుకాణంలో కూర్చొని, కాగితం కలం లేకుండా, 20 నిమిషాలలో ఆలోచించి దానిని పూర్తిచేశానని ఆయనే చెప్పాడు. 1959లో అది ప్రకటింపబడింది. కాని రోడ్డు వేరు, బస్సు వేరు. రోడ్డు ఎప్పుడు పోయినా ఉంటుంది. బస్సు తన వేళకే ఉంటుంది. అది పోయిన తరువాత ఆ దారి మూసుకొన్నట్లే. కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకొనే పద్ధతులు అందుకొరకే ఏర్పడినవి. 2013లో జర్మనీలోని కార్ల్స్‌రూయె శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక పద్ధతి చాలా సరళమైనది. దానిని చేతితోనే చేసి చూడవచ్చును.

లెక్క కొరకు కొన్ని వేళలను ఊహించుకొందాము. ఇవి నిజమైన వేళలు కావు. వీటిని నమ్మి ఎవరూ ప్రయాణం కట్టరాదు. ఒక ప్రయాణికుడు ఉదయం 6-00 గంటలకు మూలపేటలో సిద్ధంగా ఉన్నాడు. అతడు పలాస పోవాలి. బస్సులు, రైళ్ళు అన్నిటినీ స్టాపునుండి స్టాపునకు చిన్న ముక్కలుగా విడగొట్టి, బయలుదేరే వేళను బట్టి వరుసగా వ్రాయాలి:

6-10 మూలపేట — 6-35 నౌపడ (బస్సు)
6-20 టెక్కలి — 7-05 పలాస (బస్సు)
6-35 నౌపడ — 6-55 టెక్కలి (మొదటి బస్సే)
6-50 టెక్కలి — 7-35 పలాస (బస్సు)
7-15 నౌపడ — 7-50 పలాస (రైలు)
7-30 టెక్కలి — 8-15 పలాస (బస్సు)

ఇప్పుడు పై నుండి క్రిందికి ఒక్కసారి మాత్రమే చదవాలి. ప్రతి వరుసవద్ద ఒకటే ప్రశ్న: ఇది బయలుదేరే వేళకు మనవాడు అక్కడ ఉండగలడా? మొదటి వరుసకు ఉన్నాడు. కనుక నౌపడకు 6-35 అని ప్రక్కన వ్రాసుకోవాలి. రెండవది టెక్కలినుండి 6-20కి పోతున్నది; అప్పటికి అతడు టెక్కలిలో లేడు, వదలివేయాలి. మూడవ వరుసలో అదే బస్సులో కూర్చొని ఉన్నాడు గనుక టెక్కలి 6-55. నాలుగవ బస్సు 6-50కే టెక్కలి వదలిపోయింది. అయిదు నిమిషాలలో తప్పింది. అయిదవ వరుస నౌపడలో రైలు. అతడు 6-35కే నౌపడ చేరగలడు; అక్కడ దిగితే పలాసకు 7-50. ఆరవ బస్సు దొరుకుతుందిగాని 8-15కు చేరుతుంది. అంతకంటె మేలైన 7-50 మన చేతిలో ఉన్నది, కనుక దానిని వ్రాయనక్కరలేదు. పని ముగిసింది. వెనుకకు తిరిగి చూడవలసిన అవసరం ఎక్కడా రాలేదు. వరుసలు ఆరైనా, ఆరు లక్షలైనా ఇదే పద్ధతి. ఫోనులోను, దానికి వెనుకనున్న పెద్ద కంప్యూటరులోను ఈ జాతి లెక్కలే రెప్పపాటులో జరిగిపోతవి.

ఈ లెక్కలో రెండు మెలికలు ఉన్నవి. మొదటిది నౌపడలో బస్సు దిగి రైలు ఎక్కటం. బస్సు స్టాపునుండి స్టేషనుకు నడిచిపోవటానికి ఎన్ని నిమిషాలో పట్టికలో ఒక వరుస ఉండాలి. ఆ వరుస లేకపోతే బస్సుల నౌపడ, రైళ్ళ నౌపడ కంప్యూటరుకు రెండు వేరు ఊళ్ళు. అప్పుడది 8-15 మాత్రమే చూపుతుంది. 25 నిమిషాల లాభం కళ్ళయెదుట ఉండి కనిపించకుండా పోతుంది. నౌపడ బండి మారే చోటుగా ఈనాటిది కాదు. 1900 సంవత్సరంలో ఇక్కడినుండి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్న రైలుమార్గం వేశారు. తరువాత అది గుణుపూరు దాకా పొడిగింపబడి, 2011లో బ్రాడ్‌గేజి మార్గంగా మారింది. నూరేళ్ళకు పైగా ప్రయాణికులు అక్కడ దిగి బండి మారుతూనే ఉన్నారు. బస్సుల పట్టిక ఒక సంస్థ చేతిలోను, రైళ్ళ పట్టిక మరొక సంస్థ చేతిలోను ఉండటమే ఇందులోని చిక్కు. రెండింటినీ కుట్టిపెట్టే ఆ ఒక్క నడక వరుసను ఎవరు వ్రాయాలన్నది ఇంజనీరింగు ప్రశ్న కాదు, పరిపాలన ప్రశ్న.

రెండవ మెలిక, "మేలైన" అంటే ఏమిటన్నది. త్వరగా చేరటమేనా? ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకం క్రింద స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలైన అయిదు తరగతుల బస్సులలో ప్రయాణం ఉచితం. వారానికి మూడుసార్లు పలాస పోయి రావలసిన ఒక స్త్రీకి, ఆమెకు తోడుగా పోయే కూతురుకు, 7-50 రైలుకంటె టిక్కెట్టు లేని 8-15 బస్సే మేలు కావచ్చును. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఒక బండి మారటం తప్పినా చాలును. మంచి యాప్ ఒకే దారి చూపి ఊరుకొనదు. త్వరగా చేరేది, తక్కువసార్లు మారేది, తక్కువ ఖర్చయ్యేది అని రెండు మూడు ముందుంచుతుంది.

బండి ఎక్కడ ఉన్నది?

ఇంతవరకు చెప్పినదంతా వ్రాసిన వేళల సంగతి. 6-10 బస్సు నిజంగా 6-10కి వస్తుందా? దీనికి బస్సులో అమర్చిన చిన్న పరికరం కావాలి. 2019 జనవరి 1 నుండి కొత్తగా రిజిస్టరయ్యే ప్రజారవాణా వాహనాలలో ఇటువంటి పరికరం ఉండాలని కేంద్రప్రభుత్వం నియమం చేసింది. జీ.పీ.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటవి. వాటి సంకేతం సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో బయలుదేరి, సెకనులో పదునైదవ వంతుకు బస్సును చేరుతుంది. ఆ కాలాన్ని వేగంతో గుణిస్తే ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో తెలుస్తుంది. బస్సు ఉన్న చోటుకు మూడు అజ్ఞాత రాశులు గదా, మూడు ఉపగ్రహాలు చాలవా అని బీజగణితం చదివిన విద్యార్థి అడగవచ్చును. చాలవు. బస్సులోని గడియారం చౌకరకం. అందులో ఒక సెకనులో పదిలక్షవ వంతు తప్పున్నా దూరంలో 300 మీటర్లు తప్పు వస్తుంది. ఆ గడియారపు తప్పు నాలుగవ అజ్ఞాత రాశి. కనుక నాలుగు సమీకరణాలు, నాలుగు ఉపగ్రహాలు కావాలి. ఈ పనికి మన ఇస్రో సంస్థ ఏర్పాటుచేసిన నావిక్ అనే ఉపగ్రహాల సముదాయం కూడా ఉన్నది.

చోటు తెలిసినంత మాత్రాన రాక తెలియదు. బస్సు 4 కిలోమీటర్ల దూరంలో ఉన్నది; వేగం గంటకు 24 కిలోమీటర్లు; కనుక 10 నిమిషాలు అని చెప్పటం తేలిక. నడుమ నాలుగు స్టాపులు, ఒక సంత, రోడ్డు దాటుతున్న పశువులు ఉంటే ఆ 10 నిమిషాలు 15 అవుతవి. అందుచేత మంచి యాప్‌లు వేగాన్ని మాత్రమే చూడక, గడచిన రోజులలో అదే వేళకు అదే దూరానికి ఎంతసేపు పట్టిందో జ్ఞాపకం పెట్టుకొని, దానితో పోల్చి చెబుతవి. తీరంలో ఫోను సిగ్నలు లేని చోట పరికరం వార్త పంపలేదు. అప్పుడు తెరమీద బస్సు బొమ్మ కదలక నిలిచిపోతుంది. బస్సు నిలిచిందో, వార్త నిలిచిందో చూచేవారికి తెలియదు. "12 నిమిషాల క్రిందట ఇక్కడ ఉండెను" అని చెప్పే యాప్ నిజాయితీ కలది. పాత వార్తను కొత్తదిగా చూపేది నడిరోడ్డున నిలబెట్టి మోసగించినట్లే.

ఇంకొక చిక్కు ఉన్నది. పరికరం బస్సుకు అంటుకొని ఉంటుందిగాని రూటుకు కాదు. ఉదయం ఒక బస్సు చెడిపోతే డిపోవారు మరొక బస్సును పంపుతారు. ఈ దినం ఆ ట్రిప్పును ఈ నంబరు బస్సు నడుపుతున్నదని ఎవరైనా కంప్యూటరులో నమోదు చేయకపోతే, ఎదుట బస్సు వచ్చి నిలబడినా ఫోనులో మాత్రం అది డిపోలోనే ఉంటుంది. రైలుకు ఈ బాధ తక్కువ. "వేర్ ఈజ్ మై ట్రెయిన్" అనే యాప్‌ను బెంగుళూరులో తయారుచేశారు. 2018లో గూగుల్ కొన్నది. రైలులోని ప్రయాణికుని ఫోనుకు దగ్గరలో ఏ సెల్ టవరు ఉన్నదో చూచి, ఇంటర్నెట్ లేకుండానే అది రైలు ఉన్న చోటును పోల్చుకొంటుంది. పట్టాలు తప్పి రైలు ఎక్కడికీ పోదు గనుక అంత స్థూలమైన గుర్తు కూడా సరిపోతుంది.

నిరీక్షణ లెక్క

నగరంలో అయిదు నిమిషాలకొక బస్సు ఉన్నచోట యాప్ లేకపోయినా పెద్దనష్టం లేదు. బస్సులు అరుదైన పల్లెలోనే దాని అవసరం ఎక్కువ. దీనిని లెక్కతో చూపవచ్చును. గంటకొక బస్సు సరిగా వస్తుంటే, వేళ తెలియక స్టాపునకు వచ్చినవాడు సగటున 30 నిమిషాలు వేచి ఉంటాడు. ఇప్పుడు రెండు గంటలకు అవే రెండు బస్సులు ఉన్నవిగాని, ఒకసారి 20 నిమిషాల ఎడంతో, ఒకసారి 100 నిమిషాల ఎడంతో వస్తున్నవనుకొందాము. సగటు ఎడం ఇప్పుడూ 60 నిమిషాలే. నిరీక్షణ కూడా 30 నిమిషాలే అని తోస్తుంది. అది తప్పు. 120 నిమిషాలలో ఏ క్షణాన వచ్చినా, ఆరింట అయిదు పాళ్ళు అతడు పెద్ద ఎడంలోనే పడతాడు. అక్కడ సగటు నిరీక్షణ 50 నిమిషాలు. చిన్న ఎడంలో పడటం ఆరింట ఒక పాలు. అక్కడ 10 నిమిషాలు. రెండూ కలిపితే 43 నిమిషాలు దాటుతుంది. బస్సుల సంఖ్య తగ్గలేదు, క్రమం చెడింది, అంతే. "నేను పోయినప్పుడల్లా బస్సు ఆలస్యమే" అనే ప్రయాణికుని మాట దురదృష్టం కాదు, గణితం. యాప్ చేయగలిగిన మేలు ఈ 43 నిమిషాలను ఎండలో రోడ్డుప్రక్కనుండి ఇంటి అరుగుమీదికి మార్చటం. బస్సుల క్రమాన్ని బాగుచేయటం దాని చేతిలో లేదు.

ఇక షేర్ ఆటోలు. టెక్కలి, పలాస ప్రాంతాలలో బస్సు పోని దారులలో జనాన్ని చేరవేసేవి ఇవే. వాహనం ఉన్నచోటు తెలిపే పరికరం ఉండాలన్న నియమం ఆటోలకు వర్తించదు. వాటికి కాలపట్టిక లేదు, నిండినప్పుడు బయలుదేరుతవి. కనుక ఏ యాప్‌లోనూ అవి కనపడవు. యాప్ చూచి "ఈ ఊరికి ప్రయాణ సాధనం లేదు" అనుకొన్న క్రొత్తవాడు, ఎదుటనే నిలుచున్న ఆటోను చూచి ఆశ్చర్యపడవలసి వస్తుంది.

ఇటువంటి వాహనాలను పట్టికకు ఎక్కించటం అసాధ్యమేమీ కాదని ఆఫ్రికాలోని కెన్యా దేశం చూపింది. దాని రాజధాని నైరోబీలో మటాటూలనే ప్రైవేటు చిన్నబస్సులపైననే జనం ఆధారపడతారు. నైరోబీ విశ్వవిద్యాలయ విద్యార్థులు అమెరికా విశ్వవిద్యాలయాల సహకారంతో ఫోనులు చేతబట్టి ఆ బండ్లు ఎక్కి, అవి ఆగిన ప్రతి చోటును నమోదు చేశారు. నూటికి మించిన రూట్లు ఆ విధంగా పట్టికలకెక్కినవి. 2014లో పటం విడుదలైంది. 2015లో ఆ వివరాలు గూగుల్ మ్యాప్స్‌లో చేరినవి. నిర్ణీతమైన వేళలు లేని బండ్లకు ఏమి వ్రాశారంటే, "ఈ వేళనుండి ఈ వేళవరకు సుమారు ఇన్ని నిమిషాలకొకటి" అని. జీ.టీ.ఎఫ్.ఎస్. పద్ధతిలో దానికి ప్రత్యేకంగా ఒక పట్టిక ఉన్నది.

టెక్కలిలోనో, సంతబొమ్మాళిలోనో, వజ్రపుకొత్తూరులోనో ఒక ఉన్నత పాఠశాల తరగతి ఈ పని చేపట్టవచ్చును. ఆటోస్టాండు వద్ద ఇద్దరిద్దరు విద్యార్థులు కూర్చొని, బయలుదేరిన ప్రతి ఆటోకు వేళ, పోయే దిక్కు వ్రాసుకోవాలి. డ్రైవరు పేరు, బండి నంబరు అక్కరలేదు. ఇంటికి ఆటోలో పోయే విద్యార్థులు, ఆగిన చోట్ల అక్షాంశ రేఖాంశాలను ఫోనులో చూచి గుర్తించుకోవాలి. అవి అయిదవ దశాంశ స్థానం వరకు ఉంటే ఒక మీటరు దగ్గరగా చోటు తెలుస్తుంది. మూడవ స్థానంతో ఆపితే నూరు మీటర్ల వరకు తేడా ఉండవచ్చును. ఊరి పేరును ఆ ఊరివారు పలికే విధంగా తెలుగులో ముందు వ్రాసి, తరువాత ఇంగ్లీషు లిపిలో వ్రాయాలి. బయలుదేరిన వేళల మధ్య ఎడాలను కూడి సగటు కట్టి, పైన చెప్పినట్లు నిరీక్షణను కూడా లెక్కించి చూడవచ్చును. ఒక వారంపాటు చేస్తే చాలును. సంత జరిగే రోజున ఆటోలు ఎక్కువగా తిరుగుతవి గనుక ఆ రోజు లెక్కను మిగిలిన రోజులతో కలపక, క్యాలెండరు పట్టికలో వేరే వరుసగా వ్రాయాలి.